బుడగ విడువని ఊపిరి

(జాతీయ విజ్ఞాన దినోత్సవ సందర్భమున మన పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ దినమున మన బాలబాలికలు సిద్ధపరచిన ప్రయోగములను మీరు చూచి సంతోషించుట, పిమ్మట నేను నాలుగు మాటలు చెప్పుట ఆచారముగా వచ్చుచున్నది. ఈ ఏడు ఏమి చెప్పవలెనా యని యోచించుచుండగా పదవ తరగతి పిల్లలే నాకు విషయమును సమకూర్చి యిచ్చిరి. నావికాదళమున నీటిపైకి ఒక్క బుడగయైన రానీయక గంటలకొలది ఈదు సైనికులుందురట. వారు ఊపిరి ఎట్లు పీల్చుదురు, విడిచిన ఊపిరి ఎచ్చటికి పోవును అని వారు నన్నడిగిరి.

ప్రశ్న మంచిది. మనము బరంపురవాసులము. గోపాలపురపు సముద్రము మనకు అరగంట ప్రయాణము. చిలకా సరస్సు ఒడ్డున నావికుల శిక్షణాలయము గలదు. విశాఖపట్టణము తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానము. మన పిల్లలలో ఆ కొలువును కోరుకొనువారు లేకపోలేదు. కావున ఈ విషయము మనకు పరాయిది కాదు. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. ఈ యంత్రము పనిచేయు తీరును, దాని లోపములను తెలిసికొన్నవారికి మన చెరువులలోను, పాడునూతులలోను, ధాన్యపు పాతరలలోను పొంచియుండు ఒక అపాయము తేటపడును. ఆ మాట చివర మనవి చేసెదను.

భారతకథలో దుర్యోధనుడు జలస్తంభన విద్యచే ద్వైపాయన హ్రదమున దాగిన వృత్తాంతము మీ రెరిగినదే. నీరు అతనిని చక్కగనే దాచెను. కాని గట్టుననున్న తనవారితో అతడు పలికిన మాటలు బోయల చెవినబడెను. వారు పోయి పాండవులకు చెప్పిరి. దాగినవానిని పట్టియిచ్చినది వాని గొంతే. నేటి సైనికుని విషయమునను చిక్కు అదియే. నీరు వానిని దాచును. వాడు విడిచిన ఊపిరి వానిని పట్టియిచ్చును.

సామాన్యముగా నీట మునుగువాడు వీపున గాలిసిలిండరు కట్టుకొని మునుగును. సిలిండరునుండి గాలి పీల్చి, పీల్చినదానిని నీటిలోనికి విడుచును. అది బుడగలై గలగల పైకి వచ్చును. నిశ్చలమైన రేవులో కావలివాని చెవికి ఆ చప్పుడు చాలును. కంటికి ఆ బుడగల వరుస చాలును. పగవాని నౌక క్రిందికి పోవలసిన సైనికునకు ఇది ప్రాణాంతకము. సముద్రపు మందుపాతరలను తొలగించువానికిని ఇదే భయము. ఏలయన కొన్ని మందుపాతరలు చప్పుడునకే పేలునట్లు అమర్పబడి యుండును.

బుడగలతో అపాయమే కాదు, దుబారాయును మెండు. మనము పీల్చు గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు, 78 పాళ్లు నత్రజని. మనము విడుచు గాలిలో ఇంకను 16 లేక 17 పాళ్లు ప్రాణవాయువు మిగిలియే యుండును. సుమారు నాలుగు పాళ్లు బొగ్గుపులుసు గాలి వచ్చి చేరును. అనగా శరీరము వాడుకొన్నది నాలుగైదు పాళ్లు మాత్రమే. తక్కినదంతయు సముద్రార్పణము.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేయుదము. సముద్రములో ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును. గట్టుమీద నిమిషమునకు 20 లీటర్ల గాలి పీల్చు మనిషికి పది మీటర్ల లోతున, ఒత్తిడి రెట్టింపగుటచే, 40 లీటర్ల గాలి ఖర్చగును. ఇరువది మీటర్ల లోతున 60 లీటర్లు. పన్నెండు లీటర్ల సిలిండరులో 200 వాతావరణముల ఒత్తిడితో గాలి నింపినచో అది 2,400 లీటర్లగును. పది మీటర్ల లోతున అది ఒక గంటకు సరిపోవును. ఇరువది మీటర్ల లోతున 40 నిమిషములకే ముగియును. కాని శరీరమునకు నిజముగ కావలసిన ప్రాణవాయువెంత? మితముగ ఈదువానికి నిమిషమునకు సుమారు ఒకటిన్నర లీటరు. ఈ యక్కర లోతునుబట్టి మారదు. విడిచిన ఊపిరిని పారవేయక మరల వాడుకొనగలిగినచో, ఒకటిన్నర లీటర్ల చిన్న సిలిండరులో 200 వాతావరణముల ఒత్తిడితో నింపిన 300 లీటర్ల ప్రాణవాయువు 200 నిమిషములు, అనగా మూడు గంటల ఇరువది నిమిషములు వచ్చును. పెద్ద సిలిండరు గంటసేపు చేసిన పనిని చిన్న సిలిండరు మూడు గంటలకు పైగా చేయును. ఈ లెక్కయే ఆ యంత్రమునకు పునాది. ఆంగ్లమున దీనిని రీబ్రీదరు అందురు. మనము పునఃశ్వాస యంత్రమని పిలుచుకొందము.

దీని నిర్మాణము మీరనుకొన్నంత జటిలము కాదు. మన భాషలో శ్వాసాశయములకు ఊపిరితిత్తులని పేరుండుట సార్థకము. కమ్మరి కొలిమితిత్తి ఉబ్బి తగ్గునట్లే అవియును ఉబ్బి తగ్గుచుండును. ఈ యంత్రమున మూడవ తిత్తి యొకటి రబ్బరుతో చేసినది రొమ్ముమీద నుండును. సైనికుడు నోటిలోని గొట్టము ద్వారమున ఊపిరి విడిచినప్పుడు రొమ్ములోని తిత్తులు తగ్గి బయటి తిత్తి ఉబ్బును. పీల్చినప్పుడు బయటిది తగ్గి లోపలివి ఉబ్బును. గొట్టమునకు రెండు కవాటములుండును. వాని మూలమున గాలి ఒకే దిశను తిరుగునుగాని వచ్చిన త్రోవను వెనుకకు పోదు. ఆ త్రోవలో ఒక డబ్బా యుండును. అందులో సున్నపు గుళికలు నింపియుందురు. తిత్తి మిక్కిలి తగ్గినప్పుడు సిలిండరునుండి ప్రాణవాయువును లోనికి విడుచు కవాటము ఇంకొకటి యుండును. తిత్తి, డబ్బా, సిలిండరు, కవాటములు: ఇంతమాత్రమే.

సున్నము చేయు పని యేమి? ఇప్పుడే మీరు పై గదిలో చూచి వచ్చిన ప్రయోగమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఎనిమిదవ తరగతి బాలిక సున్నపుతేటలోనికి గొట్టముతో ఊదగా ఆ తేట పాలవలె తెల్లబడినది. ఆమె ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి సున్నముతో కలిసి సుద్దయైనది. మనము గోడలకు కొట్టిన వెల్ల క్రమముగా గట్టిపడుటకును ఇదే కారణము. యంత్రపు డబ్బాలోని గుళికలు ముఖ్యముగా తడిసున్నముతోను, కొంచెము కాస్టిక్ సోడాతోను, కొంత నీటితోను చేయబడినవి. బొగ్గుపులుసు గాలి ముందుగా సోడాతో కలియును. పిమ్మట సున్నము దానిని సోడానుండి గ్రహించి సుద్దగా మారును. సోడా మరల విడుదలయై తన పనికి తాను పోవును. ఈ క్రియలో వేడిమియు నీటియావిరియు పుట్టును. కావున డబ్బానుండి వచ్చు గాలి వెచ్చగను తేమగను ఉండును. చన్నీటిలో ఈదువానికి ఇది ఒక చిన్న మేలు.

ఈ ఊహను మొదట ఆచరణకు తెచ్చిన ఖ్యాతి హెన్రీ ఫ్లూస్ అను ఆంగ్లేయునికి చెందును. ఆయన 1878లో ప్రాణవాయువుతో పనిచేయు యంత్రమును నిర్మించెను. రెండేండ్లకే దానికి కఠినపరీక్ష వచ్చెను. ఇంగ్లండు, వేల్సుల నడుమ సెవర్న్ నదిక్రింద రైలుమార్గమునకై త్రవ్వుచున్న సొరంగము 1879లో నీటిపాలైనది. నీటిని తోడవలెనన్న లోపల తెరచియున్న ఒక ఇనుప తలుపును మూయవలెను. గాలిగొట్టమును ఈడ్చుకొని పోవు ముక్కుళ్లకు ఆ చీకటి సొరంగమున అంతదూరము సాధ్యము కాలేదు. 1880లో అలెగ్జాండర్ లాంబర్టు అను మునకగాడు ఫ్లూస్ యంత్రమును ధరించి, చేతితో తడుముకొనుచు పోయి ఆ తలుపును మూసివచ్చెను. యంత్రము మొట్టమొదట చేసినది యుద్ధకార్యము కాదు, రైలుమార్గపు రక్షణ యని మన పిల్లలు గమనింతురుగాక.

యుద్ధమున దాని శక్తి రెండవ ప్రపంచసంగ్రామ కాలమున లోకమునకు వెల్లడియయ్యెను. 1941 డిసెంబరు 18వ తేది రాత్రి ఆరుగురు ఇటలీ నావికులు, ఇద్దరికొకటి చొప్పున మూడు నీటివాహనములపై కూర్చుండి, ఈజిప్టునందలి అలెగ్జాండ్రియా రేవులో ప్రవేశించిరి. వారు ధరించినది ప్రాణవాయువు యంత్రములే. మరునాటి తెల్లవారుజామున క్వీన్ ఎలిజబెత్, వేలియంట్ అను బ్రిటిషు మహానౌకలు రెండు వారుంచిన మందులు ప్రేలి చెడి, రేవు అడుగునకు కూరుకొనెను. ఆరుగురు మనుష్యులు రెండు మహానౌకలను నెలలకొలది పనికిరాకుండ చేసిరి. అయినను ఆ ఘనకార్యమునందే యంత్రపు బలహీనతయును బయటపడెను. నాయకుడు లుయీజీ డురాండ్ డి లా పెన్నె యొక్క సహచరునకు శ్వాసపరికరమున చిక్కు కలిగి నీటిపైకి రాక తప్పలేదు. నాయకు డొక్కడే వాహనమును బురదలో ఈడ్చుకొని పోయి పని ముగించెను. పిదప ఇరువురును పట్టుబడిరి.

ఇక ఈ యంత్రపు హద్దులను గూర్చి చెప్పవలెను. ఈ ప్రసంగమున ముఖ్యభాగ మిదియే.

మొదటి హద్దు లోతు. ప్రాణవాయువు అని పేరుపెట్టుకొన్నదానిని మితిమీరి ఒత్తిడితో పీల్చినచో అది విషమగును. ఈ సత్యమును ఫ్రాన్సు దేశీయుడగు పాల్ బెర్ 1878లోనే గ్రంథస్థము చేసెను. ఫ్లూస్ యంత్రము పుట్టిన సంవత్సరమును అదియే. గట్టుమీది గాలిలో ప్రాణవాయువు ఒత్తిడి వాతావరణములో అయిదవ వంతు మాత్రము. పది మీటర్ల లోతున శుద్ధ ప్రాణవాయువును పీల్చువానికి ఆ ఒత్తిడి పూర్తిగా రెండు వాతావరణములగును. అనగా దాదాపు పదిరెట్లు. అప్పుడు మెదడు కల్లోలపడును. చూపు ఇరుకగుట, చెవులలో హోరు, వికారము, పెదవులు అదురుట, తల తిరుగుట కొందరికి ముందుగా తోచును. కాని పెక్కుమారులు ఈ సూచనలేవియు లేకయే మూర్ఛవంటి ఈడ్పు వచ్చును. గట్టుమీద మూర్ఛ వచ్చినవాడు కోలుకొనును. నీటిలో వచ్చినవాని నోటినుండి గొట్టము జారును, పిమ్మట మునిగిపోవును.

ఈ విషయమున తమ శరీరములనే ప్రయోగశాలగా చేసికొన్నవారిలో జె. బి. ఎస్. హాల్డేన్ ఒకరు. వారి పేరు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1892లో జన్మించిన ఆ బ్రిటిషు శాస్త్రజ్ఞుడు నౌకాదళమునకై ఒత్తిడిగదిలో ప్రయోగములు చేయుచు, ప్రాణవాయువువలన వచ్చిన ఈడ్పులో వెన్నుపూసలు నలిగి బాధపడెను. 1957లో భారతదేశమునకు వచ్చి ఈ దేశపు పౌరుడై, కడపట మన ఒడిశా రాజధాని భువనేశ్వరమున పరిశోధనశాలను స్థాపించి, 1964 డిసెంబరు 1వ తేదీన అచ్చటనే కాలధర్మము నొందెను. తన దేహమును వైద్యవిద్యార్థుల చదువునకై ఇచ్చివేసెను. ఆ దేహము చేరినది కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు. భువనేశ్వరమున తనువు చాలించి, కాకినాడ విద్యార్థులకు పాఠమైన ఆ మహనీయుని ఒడిశాలోని తెలుగువారము మరువరాదు.

అదే యుద్ధకాలమున కెన్నెత్ డొనాల్డు అను నౌకాదళ వైద్యుడు పెక్కుమంది మునకగాండ్రపై పరీక్షలు జరిపి, ఫలితములను 1947లో ప్రకటించెను. ఒకడు తట్టుకొన్నదానిని మరియొకడు తట్టుకొనలేడు. అంతకంటె ఆశ్చర్యము, నేడు గంటసేపు తట్టుకొన్నవాడే మరునాడు కొలది నిమిషములలో కూలవచ్చును. పొడిగదిలోకంటె నీటిలో ఓర్పు తక్కువ; కదలకున్నవానికంటె శ్రమపడువానికి ఇంకను తక్కువ. కావున 25 అడుగులకు దిగువను శుద్ధ ప్రాణవాయువుతో పోవుట జూదమని ఆయన తేల్చెను. అమెరికా నావికాదళపు నియమావళి ఈ హద్దును అంకెలలో చెప్పుచున్నది. 25 అడుగుల లోతున 240 నిమిషములు ఉండవచ్చును. 30 అడుగుల లోతున 80 నిమిషములే. 40 అడుగుల లోతున 15. 50 అడుగుల లోతున 10 మాత్రమే. అయిదు అడుగులు దిగినంతనే అనుమతింపబడిన కాలము మూడవ వంతునకు పడిపోవుట చూడుడు. సముద్రము ఎంత లోతైనను ఈ యంత్రమునకు దక్కినది పై పొర మాత్రమే.

రెండవ హద్దు దీనికి సరిగా విరుద్ధమైనది. ప్రాణవాయువు మితిమీరినను ముప్పు, చాలకపోయినను ముప్పు. చాలకపోవుట యెట్లని మీరడుగవచ్చును. యంత్రమును ధరించునాటికి మనిషి ఊపిరితిత్తులలోను, బయటి తిత్తిలోను మామూలు గాలి, అనగా ముఖ్యముగా నత్రజని, యుండును. శరీరము ప్రాణవాయువును వాడుకొనును, నత్రజనిని ముట్టదు. తిత్తి పూర్తిగా తగ్గినప్పుడేగదా క్రొత్త ప్రాణవాయువు లోనికి వచ్చును! నత్రజనితో తిత్తి కొంత నిండియే యుండుటచే కవాటము తెరచుకొనదు. సైనికుడు హాయిగ ఊపిరి తీయుచున్నట్లే యుండి, ప్రాణవాయువు లేని గాలిని పీల్చుచు, ఉన్నట్టుండి స్పృహ తప్పును. అందుచేతనే మునుగుటకు ముందు ఊపిరితిత్తులను, తిత్తిని పలుమారులు ఖాళీచేసి, శుద్ధ ప్రాణవాయువుతో కడుగవలెనని కట్టడి.

వానికి ఉక్కిరిబిక్కిరి ఏల తోచదు? ఇది చాల ముఖ్యమైన ప్రశ్న. ఊపిరి బిగబట్టినప్పుడు మనకు కలుగు ఆరాటము ప్రాణవాయువు తగ్గుటవలన కలుగునదని జనులు తలతురు. అది నిజము కాదు. రక్తమున బొగ్గుపులుసు గాలి పెరుగుటయే ఆ ఆరాటమునకు ముఖ్యకారణము. ఈ సంగతిని హాల్డేన్ గారి తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్‌లీ అను సహచరునితో కూడి, 1905లో నిరూపించెను. యంత్రములోని సున్నము ఆ బొగ్గుపులుసు గాలిని ఎప్పటికప్పుడు తీసివేయుచుండుటచే ఆరాటము కలుగదు. ఇంటికి కాపలాకుక్క యున్నది; దొంగ వచ్చినప్పుడు మొరుగుట దాని పని. మనమే దాని నోరు కట్టివేసినచో దొంగ తలుపు తీసిన చప్పుడు ఎవరికి వినబడును?

మూడవ హద్దు సున్నముది. గుళికలు కొన్ని గంటలకు సుద్దయై అరిగిపోవును. డబ్బాను సరిగా నింపనిచో గుళికల నడుమ సందులేర్పడి, గాలి సున్నమును తాకకయే ఆ సందులగుండ జారిపోవును. మిక్కిలి చన్నీటిలో ఆ రసాయనక్రియ మందగించును. ఈ మూడింటిలో ఏది జరిగినను బొగ్గుపులుసు గాలి తిరిగి తిరిగి మనిషికే చేరును. తలనొప్పి, ఎగశ్వాస, తికమక కలిగి బుద్ధి పనిచేయదు. అది పెరిగినవానికి ప్రాణవాయువు విషమును త్వరగా తలకెక్కును. బుద్ధి పనిచేయకపోవుట యెంత ప్రమాదమో 1939 జూన్ 1వ తేదీన లివర్‌పూల్ సముద్రమున మునిగిన థీటిస్ అను జలాంతర్గామి కథ తెలుపును. అందున్న 103 మందిలో తప్పించుకొనువారు ధరించు చిన్న పునఃశ్వాస పరికరములతో నలుగురే బయటపడిరి. 99 మంది మరణించిరి. పరికరములు లేక కాదు. నౌకలో బొగ్గుపులుసు గాలి గంటగంటకు పెరిగి వారి దేహమును, బుద్ధిని క్రుంగదీసెను. ఆ సంగతిని హాల్డేన్ గారు మూసిన గదిలో తాము కూర్చుండి పరీక్షించి చూపిరి.

సున్నపు డబ్బాలో నీరు చొరబడినచో వేరొక కీడు. సోడా కరగి కాల్చు రసమై నోటికి, గొంతునకు వచ్చును. ఇక సిలిండరులోని ప్రాణవాయువు విషయమున మరియొక కట్టడి: కవాటములకు నూనెచుక్క తగులరాదు. మన ఇంట తలుపు బందు కిర్రుమన్నచో నూనె వేయుదుము. ఇచ్చట అదే పని నిప్పు పుట్టించును.

ఎక్కువ లోతునకు పోవలసినవారి కొరకు ప్రాణవాయువును నత్రజనితోనో, హీలియముతోనో కలిపి ఇచ్చు యంత్రములు వచ్చినవి. అమెరికా నావికాదళము మందుపాతరల పనికి వాడిన మార్కు 16 అను దానిలో ప్రాణవాయువు పాలును విద్యుత్ పరికరములు కొలుచుచు, తగ్గినప్పుడు చేర్చుచుండును. అయస్కాంతమునకు పేలు మందుపాతరల చెంత పనిచేయవలెను గనుక దానిలో ఇనుము పాలు బహుస్వల్పముగా నుంచిరి. లోతు పెరిగినది, చిక్కులును పెరిగినవి. కొలుచు పరికరము తప్పు చెప్పవచ్చును. నత్రజని, హీలియములు శరీరమున చేరుటచే పైకి వచ్చునప్పుడు మెట్టుమెట్టునను ఆగవలసివచ్చును. ఇంకను లోతైన పనులకు ఓడయే తోడుండవలెను. విశాఖపట్టణమున హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మింపబడి, 2025 జూలై 18వ తేదీన నౌకాదళమున చేరిన నిస్తార్ అను ఓడ అట్టి మునకలకు తోడ్పడునదియే.

ఇన్ని హద్దులున్నను సైనికులు ఈ యంత్రమును ఎట్లు నమ్ముచున్నారు? యంత్రమును నమ్మి కాదు, క్రమమును నమ్మి. ఒంటరిగ మునుగరు, ఇద్దరిద్దరుగా ఒక త్రాటితో కట్టుకొని మునుగుదురు. ఒకడు స్పృహ తప్పినను రెండవవాడు ఎరుగును. మునుగుటకు ముందు ప్రతి కవాటమును వరుసపట్టిక చూచి పరీక్షింతురు. నిన్న పరీక్షించితిమి గదా యని నేడు మానరు. లోతు హద్దును, కాలపు హద్దును గట్టుమీదనే నిర్ణయించుకొందురు. నీటిలో తోచినదానినిబట్టి మార్చుకొనరు. ఏలయన నీటిలో తోచు క్షేమము నిజమైన క్షేమము కాకపోవచ్చునని వారికి నేర్పబడినది.

ఇప్పుడు మొదట మనవి చేసిన మాటకు వచ్చెదను. మన పిల్లలు వేసవిలో చెరువులకు, సముద్రమునకు పోవుదురు. గుక్కపట్టి నీట మునుగు పందెములు వేసికొందురు. కొందరు మునుగుటకు ముందు ఎక్కువసేపు ఉండగలమను ఆశతో గబగబ పదిపదిహేను మారులు దీర్ఘముగా ఊపిరి పీల్చి విడుతురు. దీనివలన ఒంటిలో ప్రాణవాయువు పెద్దగా పెరగదు. తగ్గునది బొగ్గుపులుసు గాలి. అనగా కాపలాకుక్క నోరు కట్టివేయుటయే. ఆరాటము ఆలస్యముగా కలుగును. అంతలో ప్రాణవాయువు అయిపోయి, ఏ బాధయు తోచకయే బిడ్డ నీటిలో స్పృహ తప్పును. మంచి ఈతగాండ్రు, మొలలోతు నీటిలోనే, ఈ విధముగ మరణించిన ఉదంతములు లోకమున పెక్కు కలవు. ఈత రాని బిడ్డ భయముచే గట్టుననే యుండును. ఈ అపాయము ఈత వచ్చిన బిడ్డకే ఎక్కువ. కావున మీరు మీ పిల్లలకు రెండు మాటలు ఖండితముగా చెప్పుడు. నీటిలో గుక్కపందెములు వలదు. మునుగుటకు ముందు గబగబ ఊపిరి తీయుట అసలే వలదు.

పెద్దలమగు మనకును ఒక మాట కలదు. చాలకాలము మూసియుంచిన పాతరలో ధాన్యము ఊపిరి తీయుచునే యుండును. ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు గాలి నిండును. పాడునూతిలోను, మలినపు తొట్టిలోను చెడుగాలి నిలిచియుండును. మొదటివాడు దిగి కూలును. వానిని తీయబోయి అన్న దిగును; అన్నను తీయబోయి తండ్రి దిగును. ఒక్క నూతిలో ఒక కుటుంబము మాసిపోవుట ఇట్లే. దిగినవానికి కేకవేయు వ్యవధియైన ఉండకపోవచ్చును. లోపల చల్లగ, నిశ్శబ్దముగ ఉండుటచే అపాయము లేదని తోచును. దీపము దించి చూచు పాత అలవాటు మంచిదేగాని, కొన్ని విషవాయువులలో దీపము ఆరదు, మరికొన్నింటిలో మంట అంటుకొనును. కావున దీపము వెలుగుచున్నదని దిగరాదు. ఎవడైన లోపల పడిపోయినచో, ఎంత దగ్గరివాడైనను, మీరు దిగవలదు. 112కు గాని, అగ్నిమాపక దళమునకు గాని కబురు చేయుడు. వారు స్వంత గాలిసిలిండరులతో వత్తురు. కన్నవారిని గట్టున నిలువుమనుట కఠినమని నేనెరుగుదును. అయినను ఇంటికి మరియొక శవము రాకుండుటకు వేరు మార్గము లేదు.

ఇది శాస్త్రపాఠము మాత్రమే కాదు గనుకనే ఇంతసేపు మిమ్ము కూర్చుండబెట్టితిని. శ్వాసము మన ఇచ్ఛతో పనిలేక జరుగుచుండుటచే దానిని గూర్చి మనము తలపోయము. నావికుడు తలపోయక తప్పదు గనుక నేర్చుకొనెను. వాడు నేర్చినదానిని మన ఇండ్లకు తెచ్చుకొనుటకు మనకు యంత్రముతో పనిలేదు. సభ ముగిసిన పిమ్మట పై గదిలో పదవ తరగతి విద్యార్థులు రబ్బరుసంచి, సున్నపుడబ్బాలతో తయారుచేసిన నమూనాను మీకు చూపుదురు. అది పీల్చుటకు కాదు, చూచుటకు మాత్రమే. మీ పిల్లలతో కలిసి చూడుడు. గుక్కపందెముల మాట ఆ నమూనా ముందరనే వారితో చెప్పుడు.